మళ్లీ తుపాకీ పట్టిన గుండె

1955 సెప్టెంబరు 23, శుక్రవారం. డెన్వర్ పక్కనే ఉన్న చెర్రీ హిల్స్ క్లబ్బులో అమెరికా అధ్యక్షుడు డ్వైట్ ఐసెన్‌హోవర్ గోల్ఫ్ ఆడుతున్నాడు. ఆడుతున్నాడన్న మాటే గానీ ఆట సాగడం లేదు. విదేశాంగ మంత్రి డల్లెస్ మాట్లాడాలంటున్నాడని కబురొస్తుంది. ఆట ఆపి లోపలికి వెళ్తే లైను సరిగా కలవదు. తిరిగొచ్చి కర్ర చేతపట్టేలోగా మళ్లీ కబురు. మొదటే కోపిష్టి మనిషి. మధ్యాహ్నం హ్యాంబర్గరు తిన్నాడు, అందులో పచ్చి ఉల్లిపాయ చక్రాలు. భోజనం చేసి మళ్లీ మైదానంలోకి దిగాడు. పొట్టలో ఏదో ఇబ్బందిగా అనిపిస్తే ఉల్లిపాయ పడలేదనుకున్నాడు.

అసలు ఆ తెల్లవారుజామున ఆయన ఉన్నది రాకీ పర్వతాల్లోని ఫ్రేజర్‌లో. సముద్రమట్టానికి దాదాపు 8,500 అడుగుల ఎత్తు. అక్కడ కొన్నాళ్లుగా ట్రౌట్ చేపలు పడుతూ గడిపాడు. చీకటితోనే లేచి స్నేహితులకు తన చేత్తోనే టిఫిన్ వండిపెట్టాడు. కొండ దిగి డెన్వర్ వచ్చి, లోరీ వైమానిక స్థావరంలో కాగితాలు చూసి, ఆ తర్వాత క్లబ్బుకి వచ్చాడు. మరో మూడు వారాల్లో 65 ఏళ్లు నిండుతాయి. ఒకప్పుడు రోజుకు నాలుగు పెట్టెల సిగరెట్లు కాల్చి, 1949లో ఒక్కసారిగా మానేసిన మనిషి.

ఆ రాత్రి బస అత్తగారింట్లో. పది గంటల ప్రాంతంలో పడుకున్నాడు. ఒకటిన్నర, రెండు మధ్య ఛాతీలో నొప్పితో మెలకువ వచ్చింది. భార్య మేమీ లేచింది. ఆయనకు పొట్ట బాగాలేకపోవడం ఆ కుటుంబానికి కొత్త కాదు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా తాగించింది. నొప్పి తగ్గలేదు. డాక్టరుకి ఫోన్ చేసింది.

వచ్చినవాడు మేజర్ జనరల్ హోవర్డ్ స్నైడర్. అధ్యక్షుడి సొంత వైద్యుడు, 74 ఏళ్ల పెద్దాయన. ఆ రాత్రి ఏం చేసిందీ తర్వాత చెప్పుకున్నాడు: అమైల్ నైట్రైట్ వాసన చూపించానని, పాపవరిన్, మార్ఫిన్, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చానని, ఒళ్లు చల్లబడుతుంటే వెచ్చదనం కోసం మేమీని పక్కనే పడుకోమన్నానని. అయితే పొద్దున విలేకరులకు అందిన సమాచారం మాత్రం ఒక్కటే. అధ్యక్షుడికి రాత్రి అజీర్తి చేసింది, అంతే.

ఈసీజీ యంత్రం ఆ ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. నొప్పి మొదలై పది గంటల పైమాట. రోగిని నిద్రపోనివ్వడానికే ఆగానని స్నైడర్ అన్నాడు. కాదు, ఆయన మొదట అజీర్తే అనుకున్నాడని, ఆ సంగతి తర్వాత కప్పిపుచ్చాడని చరిత్రకారుడు క్లారెన్స్ లాస్బీ 1997లో ఓ పుస్తకమే రాశాడు. నేను లాస్బీ వైపే మొగ్గుతాను. ప్రపంచంలోకెల్లా శక్తిమంతుడైన మనిషి ఛాతీ నొప్పి కూడా ఉల్లిపాయ ఖాతాలోకి పోయిందంటే, మన ఇళ్లల్లో సంగతి చెప్పేదేముంది? గ్యాసే అయుంటుందని సోడా తాగించి, జీలకర్ర నమిలించి, తెల్లారాక చూద్దాంలే అనుకుని మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు తెలుగునాట ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఐసెన్‌హోవర్ బతకడం అదృష్టం. ఆ పది గంటలు ఎవరికీ ఆదర్శం కాకూడదు.

ఫిట్జ్‌సైమన్స్ సైనిక ఆసుపత్రి హృద్రోగ నిపుణుడు కల్నల్ బైరన్ పోలక్ ఈసీజీ గీతలు చూడగానే విషయం తేలిపోయింది. గుండె ముందు గోడకు రక్తం అందించే నాళం మూసుకుపోయింది. స్ట్రెచర్ కూడా వాడలేదు. చెరోవైపు పట్టుకుని నడిపించే కారెక్కించి ఆసుపత్రి ఎనిమిదో అంతస్తుకు చేర్చి ఆక్సిజన్ టెంట్‌లో పెట్టారు. ఇక ఏదీ దాచవద్దని అధ్యక్షుడే చెప్పాడు. 1919లో వుడ్రో విల్సన్‌కి పక్షవాతం వస్తే నెలల తరబడి దేశానికి తెలియనివ్వని సంగతి ఆ తరానికి బాగా గుర్తుంది. సోమవారం న్యూయార్క్ స్టాక్ మార్కెట్ తెరవగానే కుప్పకూలింది. ఒక్కరోజులో 6.5 శాతం. సుమారు 1,400 కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది. ఆదివారమే బోస్టన్ నుంచి ఒక సన్నపాటి పెద్దమనిషి ఫిట్జ్‌సైమన్స్‌లో దిగాడు.

*

ఆయన పేరు పాల్ డడ్లీ వైట్. వయసు 69. అమెరికాలో గుండె వైద్యం ప్రత్యేక శాస్త్రంగా నిలబడటానికి మూలస్తంభాల్లో ఒకడు. ఆ వయసులోనూ సైకిలు తొక్కేవాడు, రోగులనూ తొక్కమనేవాడు. సోమవారం విలేకరుల ముందు కూర్చుని గుండెపోటు అంటే ఏమిటో, ఎలా మానుతుందో పాఠం చెప్పినట్టు చెప్పాడు. అధ్యక్షుడికి విరేచనం సాఫీగా అయిందన్న ముక్క కూడా దాచలేదు. దేశం ముక్కున వేలేసుకుంది. కానీ గుండెజబ్బు గురించి బహిరంగంగా, భయం లేకుండా మాట్లాడటం సామాన్య జనానికి అలవాటైంది ఆ రోజు నుంచే.

అప్పటి పద్ధతి వేరు. గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. కొందరు డాక్టర్లు రోగిని తన చేత్తో తిననిచ్చేవారు కూడా కాదు, పక్కవాళ్లు తినిపించాల్సిందే. దానికో తర్కం ఉంది. రక్తం అందక చనిపోయిన కండరం మొదట మెత్తబడుతుంది. అది గట్టి మచ్చగా మారడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా ఒత్తిడి పడితే పలచని చోట గోడ ఉబ్బుతుందని, చిరుగుతుందని భయం. కదలకుండా పడుకోబెట్టడం వల్ల వచ్చే ముప్పు మాత్రం అంతగా లెక్కలోకి రాలేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయేవారు కొందరు. బతికి లేచినవాళ్లలో చాలామంది భయంతో మళ్లీ మనుషుల్లో పడేవారు కాదు. ఉద్యోగం పోయేది. ఇంట్లో ఓ మూల కుర్చీ వాళ్ల లోకమైపోయేది. 1952లోనే బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ గుండెపోటు రోగుల్ని తొందరగా కుర్చీలో కూర్చోబెడితే మేలని రాశారు. చాలామంది నమ్మలేదు.

వైట్ నమ్మాడు. అధ్యక్షుణ్ణి అక్టోబరులోనే కుర్చీలోకి మార్చారు. ఆపైన నాలుగడుగులు, తర్వాత మరికొన్ని. అక్టోబరు 25న ఆసుపత్రి మేడ మీద ఎండలో ఫొటో తీశారు. ఎర్రటి పైజమా చొక్కా జేబు మీద, చాలా నయంగా ఉంది, థాంక్స్ అన్న అర్థంలో కుట్టుపని. విలేకరులిచ్చిన బహుమతి అది.

ఆయనకిచ్చిన మందుల్లో ఒకదాని కథ చెప్పకుండా ఉండలేను. 1920లలో ఉత్తర అమెరికాలో పాడైపోయిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు లోలోపలే రక్తం కారి చచ్చిపోయేవి. రైతులు గగ్గోలు పెట్టారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని విషాన్ని పట్టుకుంది. ఆ పరిశోధనలోంచే రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ పుట్టి 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. మనుషులకు వాడటానికి 1954లో అనుమతి దొరికింది. మరుసటి ఏడాదే దేశాధ్యక్షుడి నరాల్లోకి వెళ్లింది. ఇవాళ గుండె కవాటాలు మార్పించుకున్న ఎంతోమంది ప్రాణాలు నిలబెడుతున్నది ఆ జాతి మందులే.

నవంబరు 11న, ఏడు వారాల తర్వాత, ఆసుపత్రి నుంచి బయటికొచ్చాడు. మూడు రోజులకు గెటిస్‌బర్గ్‌లోని సొంత పొలానికి చేరాడు. అసలు కష్టం అక్కడ మొదలైంది. చలి ముదిరింది. బయట తిరగడానికి లేదు. కొట్టాలన్నా గోల్ఫ్ బంతి కొట్టకూడదు. మనసు చీకటైపోయింది. గుండెపోటు వచ్చిన మనిషికి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ చుట్టూ జనం, ధైర్యం చెప్పే నర్సులు ఉంటారు. ఇంటికొచ్చాకే ఛాతీలో ప్రతి చిన్న చిమచిమకీ ఉలిక్కిపడటం మొదలవుతుంది. మెట్టెక్కాలంటే భయం. గట్టిగా నవ్వాలన్నా భయం. ఇంట్లోవాళ్ల చూపుల్లో కూడా అదే భయం కనిపిస్తుంది. దీన్ని కుంగుబాటు అంటారని, దీనికీ వైద్యం కావాలని ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాం. నార్మండీ తీరంలో లక్షల మందిని దింపిన సేనాని కూడా ఆ శీతకాలంలో ఇలాగే కుంగిపోయాడు.

*

డిసెంబరు ఆఖర్లో ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌కి వెళ్లి ఎండలో నడిచాక కొంత తేరుకున్నాడు. అప్పటికి దేశమంతా ఒకటే ప్రశ్న: 1956 నవంబరు ఎన్నికల్లో మళ్లీ నిలబడతాడా? పార్టీ నాయకులకు తొందర. వైట్‌కి లోలోపల సందేహం. వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో హృద్రోగ విభాగం చూసే థామస్ మాటింగ్లీకి మరో గుబులు. ఎక్స్‌రేల్లో ఎడమ జఠరిక గోడ ఉబ్బుతున్నట్టు ఆయనకు అనుమానం కలిగింది. తక్కిన వైద్యులు ఒప్పుకోలేదు.

తేల్చుకోవడానికి సాధనం ఏది? కాథెటర్ పెట్టి గుండె నాళాల ఫొటో తీసే పద్ధతి ఇంకా పుట్టలేదు. ఎకో ఇంకా వాడుకలోకి రాలేదు. రాబర్ట్ బ్రూస్ ట్రెడ్‌మిల్ పరీక్ష రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. రెండు మెట్లెక్కి దిగి ఈసీజీ తీయించుకునే మాస్టర్ పరీక్ష ఒకటి ఉంది గానీ, ఒక మనిషి నాలుగేళ్లు దేశాన్ని మోయగలడా లేదా అన్నది రెండు మెట్లు చెప్పలేవు. 1956 ఫిబ్రవరి 14న వైట్, తోటి డాక్టర్లు కలిసి తమ అంచనా వెల్లడించారు. అధ్యక్షుడు మరో అయిదు నుంచి పదేళ్లు చురుగ్గా బతకగలడని వైద్యపరంగా ఆశించవచ్చన్నారు. కాగితం మీద మాట అది. దాన్ని ఒంటి మీద పరీక్షించుకోవడం ఐసెన్‌హోవర్ వంతు. మరునాడే విమానమెక్కాడు. గమ్యం జార్జియా రాష్ట్రంలోని థామస్‌విల్. పని కౌజు పిట్టల వేట.

వేట ఆయనకు పదవితో పాటు వచ్చిన విలాసం కాదు. కాన్సస్‌లోని ఆబిలీన్‌లో చిన్నప్పుడు స్మోకీ హిల్ నది ఒడ్డున బాబ్ డేవిస్ అనే అక్షరం ముక్క రాని ఓ పెద్దాయన ఆయన్ని చేరదీశాడు. చేపలు పట్టడం, ఉచ్చు వేయడం, బాతుల్ని కొట్టడం, పేకాటలో లెక్కలు కట్టడం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నానని ఐసెన్‌హోవర్ తన జ్ఞాపకాల్లో ప్రేమగా రాసుకున్నాడు. కాబట్టి ఆయన దృష్టిలో తాను కోలుకోవడమంటే ఆఫీసు కుర్చీలోకి తిరిగి వెళ్లడమొక్కటే కాదు, తుపాకీ భుజాన వేసుకుని గడ్డిలో నడవగలగడం కూడా. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు తెరపడింది, అదే సబబు కూడా. కానీ ఆ మనిషికి ఆ నడక ఏమిటో తెలియకపోతే ఈ గాథ అర్థం కాదు.

థామస్‌విల్ నుంచి ఫ్లోరిడా రాజధాని టలహాసీ దాకా ఉన్న ఎర్రమట్టి మెరకల్ని రెడ్ హిల్స్ అంటారు. ఒకప్పుడు పత్తి ఎస్టేట్లు. అంతర్యుద్ధం తర్వాత ఉత్తరాది ధనికులు కొని వేట మైదానాలుగా మార్చుకున్నారు. వాటిల్లో మైల్‌స్టోన్ ఎస్టేటు ఆర్థిక మంత్రి జార్జ్ హంఫ్రీది. నిటారుగా పెరిగే లాంగ్‌లీఫ్ పైన్ చెట్లు ఎడంఎడంగా ఉంటాయి, కింద మోకాలెత్తు తీగగడ్డి. ఏటా ఆ గడ్డికి నిప్పు పెడతారు. అడవికి నిప్పంటే నేరమనుకునే రోజుల్లో హెర్బర్ట్ స్టోడర్డ్ అనే పరిశోధకుడు ఇక్కడే ఏళ్ల తరబడి తిరిగి, ఈ నేల తగలబడకపోతే కౌజు పిట్ట బతకదని 1931లో పుస్తకం రాశాడు. పొదలు పేరుకుపోతే పిట్టకు గింజ దొరకదు, కాళ్లకు దారి దొరకదు.

అక్కడి పిట్ట పేరు బాబ్‌వైట్. మన కౌజుకు దూరపు చుట్టం, గుప్పెడంత ఉంటుంది. చలికాలంలో పది పదిహేను కలిసి గుంపుగా తిరుగుతాయి. రాత్రి నేల మీదే వలయంగా చేరతాయి, తోకలు లోపలికి, తలలు బయటికి. ఒంటికి ఒళ్లు ఆనుకుని వెచ్చగా ఉంటాయి, ఏ దిక్కు నుంచి ప్రమాదం వచ్చినా ఒక తల చూస్తూనే ఉంటుంది.

ఈ ఎస్టేట్లలో వేట తీరు ప్రత్యేకం. కంచరగాడిదలు లాగే బండి మీద వేటగాళ్లు కూర్చుంటారు. బండికే కుక్కల గూళ్లు. ముందు రెండు కుక్కలు గడ్డిని జల్లెడ పడుతూ పరుగెడతాయి. వాసన తగలగానే ఒకటి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. అప్పుడు బండి ఆగుతుంది. ఇద్దరు మాత్రం దిగి, తుపాకుల్లో తూటాలు వేసుకుని, కుక్కకు చెరోపక్క నుంచి ముందుకు నడుస్తారు. కాల్పులయ్యాక తిరిగొచ్చి బండెక్కుతారు. గుండెపోటు నుంచి లేస్తున్న మనిషికి ఇంతకన్నా నప్పే వేట ఉండదు. కాసేపు కూర్చోవడం, కాసేపు నడక, మళ్లీ కూర్చోవడం. ఇవాళ్టి పునరావాస కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు గడియారం పట్టుకుని చేయించేది కూడా దాదాపు ఇదే.

అయితే ఒక్క క్షణం ఉంటుంది. బిగుసుకుపోయిన కుక్క ముందు మనిషి అడుగు వేస్తాడు. గడ్డిలో ఏమీ కనబడదు. పిట్టలు అక్కడే ఉన్నాయని తెలుసు, ఎక్కడున్నాయో తెలియదు. ఇంకో అడుగు. ఇంకోటి. ఉన్నట్టుండి కాళ్ల దగ్గర నేల పేలినట్టు డజను రెక్కలు బుర్రుమని లేస్తాయి. ఏ పిట్టను చూడాలో కన్నుకు తోచదు. తుపాకీ భుజానికి చేరేసరికి అవి చెట్ల మధ్యకు పోతుంటాయి. ఏళ్ల తరబడి వేటాడినవాడు కూడా ఆ చప్పుడుకి అదిరిపడతాడు. అడ్రినలిన్ ఒక్క ఉదుటున రక్తంలో కలుస్తుంది. ఊపిరి బిగబడుతుంది. గుండె దడదడలాడుతుంది. నడకకు పెరిగే వేగం వేరు, ఈ దడ వేరు.

ఎంత వేరో లెక్క తీసింది చాలా తర్వాత. 2007లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం మిషిగన్ రాష్ట్ర వైద్యులు 25 మంది జింక వేటగాళ్లకు ఈసీజీ యంత్రాలు కట్టి అడవికి పంపారు. వాళ్లలో 17 మందికి అప్పటికే గుండె నాళాల జబ్బుంది. పదిమందికి వేటలో గుండె వేగం, ట్రెడ్‌మిల్ మీద వాళ్లు చేరుకున్న గరిష్ఠాన్ని కూడా దాటేసింది. జింక కంటబడటం, తుపాకీ పేల్చడం, కళేబరాన్ని ఈడ్చుకురావడం అన్నీ గుండె మీద పడే బరువే. ట్రెడ్‌మిల్ పాసైనవాడు వేటకూ పాసైనట్టేనని అనుకోవద్దని దాని సారం. 1956లో ఈ అంకెలు ఎవరి దగ్గరా లేవు. అధ్యక్షుడు ఆ బుర్రుమన్న చప్పుడులోకి అడుగు వేసిన ప్రతిసారీ, ఆయన డాక్టర్లకు తెలిసింది ఆయనకు తెలిసినదానికన్నా పెద్ద ఎక్కువేం కాదు.

ఆయన అడుగు వేశాడు. తుపాకీ ఎత్తాడు. పిట్టలు పడ్డాయి. గుండె తట్టుకుంది. గోల్ఫ్ కూడా గుండెపోటు తర్వాత మొదటిసారి ఆడింది ఆ ఊళ్లోనే. పత్రికల వాళ్లు ఎస్టేటు బయట కాపుకాసి, ఈ పూట ఎన్ని పిట్టలు, ఎన్ని గంటలు, మొహం ఎలా ఉందని ఆరా తీసి తంతి వార్తలు పంపుతుంటే అమెరికా అంతా చదివింది. పని కూడా ఆగలేదు. సహజవాయువు ధరల మీద కేంద్ర నియంత్రణ ఎత్తేసే బిల్లును ఫిబ్రవరి 17న తిప్పికొట్టాడు. బిల్లు ఉద్దేశం తనకు నచ్చినా, దాన్ని గట్టెక్కించడానికి కంపెనీల మనుషులు నడిపిన అనుమానాస్పద వ్యవహారాల తీరు సహించలేనన్నాడు.

చెప్పకపోతే తప్పయ్యే సంగతి ఇంకొకటి ఉంది. అలాంటి ఎస్టేట్లలో బళ్లు తోలేది, కుక్కల్ని నడిపించేది, కూలిన పిట్టల్ని ఏరుకొచ్చేది ఎక్కువగా నల్లజాతి పనివాళ్లు. వేరు హోటళ్లు, వేరు బెంచీలు ఉన్న జార్జియా అది. పక్క రాష్ట్రం అలబామాలో మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ మూడో నెలలో ఉంది. అధ్యక్షుడు థామస్‌విల్‌లో ఉండగానే, ఫిబ్రవరి 21న, మార్టిన్ లూథర్ కింగ్‌తో పాటు పదుల మంది మీద అక్కడ నేరారోపణలు నమోదయ్యాయి. ఆ పది రోజుల్లో ఒక గుండె గురించి అంత బెంగపడిన దేశం ఈ మనుషుల గురించి ఎంత తక్కువ పట్టించుకుందో చూస్తే బాధేస్తుంది.

*

ఫిబ్రవరి 25న వాషింగ్టన్ తిరిగొచ్చాడు. నాలుగు రోజులకు, 29న, విలేకరుల సమావేశంలో తన జవాబు అవుననే అని చెప్పాడు. ఆ రాత్రి టీవీలో దేశానికి వివరించాడు. పూర్తిగా మునుపటిలా ఉండలేనని దాచలేదు. ఊరూరా తిరిగి ప్రచారం చేయనన్నాడు. లాంఛనాలు, విందులు తగ్గించుకుంటానన్నాడు. పని, వ్యాయామం, వినోదం, విశ్రాంతి వేళ ప్రకారం సాగాలన్నది డాక్టర్ల షరతు, దాన్ని పాటిస్తానన్నాడు. నాకు ఆ ప్రసంగంలో నచ్చేది ఈ భాగమే. గుండెపోటును జయించానని ఛాతీ విరుచుకోలేదు. అది ఉంటుంది, దానితో కలిసి బతకాలి, బతుకు మాత్రం ఆపను అన్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషిని మంచానికి కట్టేసే ప్రేమా, మూడో రోజే మేడ మెట్లెక్కి చూపించే మొండితనమూ మన దగ్గర రెండూ ఎక్కువే. ఈ రెంటికీ మధ్య దారి ఒకటుందని, దాన్ని డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలని చెప్పేవాళ్లే తక్కువ. ఇవాళ గుండెపోటు రోగిని ఒకటి రెండు రోజుల్లోనే లేపి నడిపిస్తున్నారు. అయినా ఎన్ని రోజులకు ఎంత దూరం నడవాలో, ఏది ఎత్తవచ్చో, పొలానికి ఎప్పుడు వెళ్లవచ్చో రాసిన కాగితం ఒక్కటి లేకుండా ఎంతమంది డిశ్చార్జి అవుతున్నారు!

తర్వాతి దారి పూలబాటేమీ కాదు. జూన్‌లో పేగు అడ్డుపడి అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నవంబరులో 41 రాష్ట్రాలు గెలిచి మళ్లీ అధ్యక్షుడయ్యాడు. 1957 నవంబరు 25న మెదడుకు స్ట్రోకు వచ్చి కాసేపు మాట పడిపోయింది. అప్పుడూ మంచం పట్టలేదు. 1958 ఫిబ్రవరిలో మళ్లీ థామస్‌విల్ వెళ్లి వేటాడాడు. పదవీకాలం పూర్తి చేసుకుని 1961లో దిగాడు. గుండె మళ్లీ తిరగబడింది 1965లో. 1968 ఏప్రిల్ నుంచి ఒకదాని మీద ఒకటిగా గుండెపోట్లు. వాల్టర్ రీడ్‌లో చేరినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. 1969 మార్చి 28న, 78 ఏళ్ల వయసులో పోయాడు.

శవపరీక్షలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఎడమ అడ్రినల్ గ్రంథిలో ఒకటిన్నర సెంటీమీటర్ల కణితి, ఫియోక్రోమోసైటోమా. ఉన్నట్టుండి అడ్రినలిన్ లాంటి రసాయనాలను రక్తంలోకి వదిలి రక్తపోటును ఎగదోసే జాతి అది. ఆయన జన్మలో ఎవరూ కనిపెట్టలేదు. అది ఎన్నాళ్లుగా ఉందో, ఆ కోపతాపాల్లో దాని వాటా ఎంతో ఎవరూ తేల్చలేరు. రెండోది, గుండె ఎడమ జఠరిక గోడలో పాత గాయమున్న చోట పలచబడి, ఉబ్బి, సున్నం పట్టిన తిత్తి. మాటింగ్లీ ఎక్స్‌రేల్లో చూశానన్న ఉబ్బు అదే. తోటివాళ్లంతా కాదన్నా ఆయన అనుమానమే నిజమైంది. అంటే థామస్‌విల్ గడ్డిలో పిట్టలు లేచినప్పుడల్లా అదిరింది గోడ పలచబడిన గుండె. వైట్ మాట కూడా పొల్లుపోలేదు. ఆయనిచ్చిన గడువు అయిదు నుంచి పదేళ్లు. ఆ ఫిబ్రవరి నుంచి లెక్కేస్తే ఐసెన్‌హోవర్ పదమూడేళ్ల పైన బతికాడు.